లాన్‌లో పొన్నగంటి

మా ఇంటి ముందు లాన్ వేసింది మా ఆవిడ ప్రభావతి. కడియం నుంచి గడ్డి పలకలు తెప్పించి, తనే నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ అతికినట్టు పేర్చింది. తను పోయాక ఆ పని నా మీద పడింది. ఏలూరు ఎండల్లో గడ్డిని బతికించడం కంటే కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడమే నయమని అప్పుడు తెలిసింది. మా బోరు నీళ్ళలో ఉప్పు ఉంది. అవి పోస్తే గడ్డి కొసలు ఎర్రబడతాయి. అందుకని కుళాయి నీళ్ళు డ్రమ్ముల్లో పట్టుకుని, ఎండెక్కక ముందే తడపాలి. సాయంత్రం తడిపితే బూజు పడుతుంది. వేసవిలో మరీ పొట్టిగా కత్తిరిస్తే వేళ్ళు మాడిపోతాయి. ఇవన్నీ ఆవిడ చెబుతుంటే నేను పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టినవే. ఎలాగో కొన్ని చెవిలో మిగిలాయి, అదే నా అదృష్టం.

వానలు పడ్డాక కుళాయి ఉన్న మూల పొన్నగంటి కూర అల్లుకుంది. ఎదురింటి శేషారత్నం గారు స్టీలు గిన్నె పట్టుకుని వచ్చి, గడ్డిలో చతికిలబడి, చిగుళ్ళు గిల్లుకుని వెళ్ళేవారు. ప్రభావతి ఉన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే. "గేటుకి గడియే ఉంటుందండి, తాళం ఉండదు. ఎప్పుడు కావలిస్తే అప్పుడు రండి" అని చెప్పింది తనే. ఆవిడ గిల్లుతుంటే ఈవిడ మెట్ల మీద కూర్చునేది. వాళ్ళ కబుర్లకు అంతుండేది కాదు. ఇప్పుడు మెట్ల మీద ఎవరూ లేరు. శేషారత్నం గారు కిటికీ వైపు చూసి, "మాస్టారండీ, కాఫీ తాగారా?" అని అడిగేవారు. తాగానని లోపల్నుంచే చెప్పేవాణ్ణి.

వచ్చే శనివారానికి ప్రభావతి పోయి ఏడాది. లాన్‌లోనే షామియానా వేసి స్మారక కూడిక పెట్టుకుందామని అనుకున్నాం. ఏర్పాట్లు చూడటానికి తాడేపల్లిగూడెం నుంచి మా బావమరిది ఎడ్విన్ వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేంటి బావగారూ, లాన్ అన్నారు, ఆకుకూరల మడి చూపిస్తున్నారు?"

"వానలకు కొంచెం పెరిగిందిలే."

"కొంచెమా! పాస్టరు గారు కాసేపు కదలకుండా కూర్చుంటే ఆయన్ని కూడా కోసి పప్పులో వేసేసేలా ఉన్నారు." నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలో వాడు గొంతు తగ్గించి, "అక్క ఉంటే ఇలా ఉండేదా?" అన్నాడు.

అక్క ఉంటే ఇలాగే ఉండేది. ఆ మాట వాడికి చెప్పలేదు.

వాడు వెళ్ళాక చూస్తే నాకూ అలాగే కనిపించింది. శేషారత్నం గారు రోజూ కూర్చునే చోట గడ్డి నలిగి మట్టి బయటపడింది. "ఈ వారం రాకండి, గడ్డి కోలుకోవాలి" అంటే సరిపోయేది. శేషారత్నం గారు తప్పు పట్టే మనిషి కాదు. కానీ ఎదుటి మనిషి ముఖం చూసి వద్దని చెప్పడం నాకు చేతకాదు. అందరూ దాన్ని నా మెతకదనం అంటారు. నేనూ అదే అనుకుంటూ వచ్చాను. కూరే లేకపోతే ఆవిడ రారు, ఎవరినీ ఏమీ అనక్కర్లేదు అనే ఆలోచన వచ్చినప్పుడు, చెప్పడానికే సిగ్గుగా ఉంది, నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

ఎరువుల కొట్టుకు వెళ్ళాను. వరిచేలో వెడల్పాకు కలుపుకి కొట్టే మందు ఇచ్చాడు. "గడ్డికేం కాదండి, ఆకు జాతే పోతుంది. కొట్టాక మనుషుల్నీ పశువుల్నీ అటు రానివ్వకండి" అన్నాడు. శేషారత్నం గారు జంగారెడ్డిగూడెంలో చెల్లెలింటికి వెళ్ళారు, సోమవారం దాకా రానని నాకే చెప్పి వెళ్ళారు. అదీ చూసుకునే, మర్నాడు వీధి లేవకముందే, గులాబీలకు వాడే చేతి పంపుతో ఆ మూలంతా తడిపాను. ఘాటు ముక్కులకెక్కింది. పంపు కడిగి, స్నానం చేశాను.

మా ఊరు ఉండిలో మా నాన్న మందు కొట్టిన రోజు చేను గట్టు మీద వేపకొమ్మ పాతేవాడు. ఆకుకూరకు వచ్చే ఆడవాళ్ళు కొమ్మను చూసి అవతలి గట్టుకు వెళ్ళిపోయేవారు. అది నాకు గుర్తు రాకపోలేదు. వేపచెట్టు కూడా వీధి మలుపులోనే ఉంది. కానీ కొమ్మ పెడితే ఎందుకని వీధంతా అడుగుతుంది, సోమవారం ఆవిడా అడుగుతారు. పెట్టలేదు. షామియానా వాడితో మాట్లాడదామని బజారుకు వెళ్ళిపోయాను.

తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గేటు గడియ నేను వేసినట్టు లేదు. కుళాయి మూలకు వెళ్ళి చూశాను. పొన్నగంటి చిగుళ్ళన్నీ గిల్లేసి ఉన్నాయి. తాజా గిల్లు, కాడల చివర్లు ఇంకా పచ్చిగా మెరుస్తున్నాయి.

చేతిలో సంచీ అక్కడే పడేసి రోడ్డు దాటాను.

ఎదురింటి వరండాలో శేషారత్నం గారి భర్త బుల్లిరాజు గారు లుంగీలో కూర్చుని ఉన్నారు. కలిదిండి దగ్గర చేపల చెరువులు చూసుకుని అప్పుడే వచ్చినట్టున్నారు, కాళ్ళకు ఇంకా నల్లమట్టి ఉంది.

"రండి మాస్టారూ, సమయానికొచ్చారు! ఇవాళ మీ పొన్నగంటి పప్పే. మా కోడలికి నెల తప్పిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. దాని కోసం మా ఆవిడ, చెల్లెల్ని కూడా వదిలేసి పొద్దున బస్సుకే వచ్చేసింది."

చెప్పాల్సింది ఒక్క ముక్క. నేను చెప్పింది మాత్రం వేరు.

"ఆ కూర మంచిది కాదండి. పొద్దున దాని మీద... కుక్క... కాలెత్తింది."

బుల్లిరాజు గారు పడీ పడీ నవ్వారు. "ఓస్ అంతేనా! మూడు నీళ్ళు కడుగుతుందండి ఆవిడ. కుక్కలకి భయపడితే ఈ ఊళ్ళో ఆకుకూర తినగలమా?"

ఆయన భుజం మీదుగా లోపలికి చూశాను. కోడలు సాయిప్రియ కంచం ముందు కూర్చుంది. అన్నంలో పప్పు వేసుకుని, నెయ్యి చుక్క వేసి, కలుపుతోంది. ముద్ద చేసింది.

"తినకమ్మా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. "మందు కొట్టాను! ఆ కూర మీద నేను మందు కొట్టాను!"

ఆ అమ్మాయి చెయ్యి అలాగే ఆగింది. ముద్ద కంచంలో పడింది. వంటింట్లోంచి శేషారత్నం గారు గరిటెతోనే వచ్చారు.

"ఏం మందండీ?"

"కలుపు మందు."

"ఎప్పుడండీ?"

"ఈ పొద్దున."

"నువ్వేమన్నా తిన్నావా అమ్మా?" బుల్లిరాజు గారు కోడలి దగ్గరకు పరుగెత్తారు.

"లేదు మావయ్యా, ఇప్పుడే కలిపాను. అంకుల్ అరిచారు." ఆ అమ్మాయి చేతివైపు చూసుకుంది. సబ్బుతో కడుక్కోమని ఆయన లోపలికి పంపారు.

శేషారత్నం గారు గరిటె వైపు చూశారు. "నేను ఉప్పు చూశానండీ" అన్నారు నెమ్మదిగా. "రెండోసారి కూడా చూశాను. ఉప్పు చాల్లేదని."

నా కారులోనే ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. సాయిప్రియకు తోడుగా పక్కింటావిడ వాళ్ళింట్లో ఉండిపోయింది. దారిలో బుల్లిరాజు గారు ఒక్కసారి, "బ్రేకు మీద కాలుంచండి మాస్టారూ" అన్నారు. నన్ను తిట్టాల్సిన మనిషి అంత మామూలుగా మాట్లాడితే, తిట్టినా బాగుండేదనిపించింది.

డాక్టరు నేను వెంట తెచ్చిన మందు సీసా మీద అక్షరాలు చదివి, ఆవిడను పరీక్షించి, నాలిక మీద వేసుకున్నంత మాత్రానికి ఫర్వాలేదన్నాడు. అయినా సాయంత్రం దాకా కళ్ళెదురుగా ఉండమన్నాడు. బుల్లిరాజు గారు ఇంటికి ఫోను చేయడానికి బయటికి వెళ్ళారు. వరండా బల్ల మీద ఆవిడా నేనూ మిగిలాం.

ఆవిడ అడిగారు. "ఏవండీ మాస్టారూ, ఆ మందు కలుపు కోసం కొట్టారా, నా కోసం కొట్టారా?"

కలుపు కోసం అనవచ్చు. ఆవిడ నమ్మేవారు కూడా, ఎడ్విన్ పేరు చెబితే ఇంకా తేలిగ్గా అయిపోయేది. వాడి పేరు నాలిక చివరి దాకా వచ్చింది. నేల మీది గచ్చు పగుళ్ళ వైపు చూస్తూ అన్నాను.

"మీ కోసమేనండీ. రావద్దని మీకు చెప్పలేక."

ఆవిడ కొంగు సర్దుకున్నారు. "చెబితే మానేసేదాన్ని కదండీ."

"తెలుసండీ."

"నేనేమన్నా కూరకి మొహం వాచి వచ్చేదాన్నా? బజారులో కట్టలు కట్టలు దొరుకుతుంది. ప్రభావతమ్మ గారు పోయాక మీ ఇంట్లో దీపం వెలిగిందో లేదో చూసే దిక్కు లేదని వచ్చేదాన్ని. కాఫీ తాగారా అంటే తాగానని గొంతు వినిపిస్తే, సరే బాగానే ఉన్నారని వెళ్ళేదాన్ని." అప్పుడు నా వైపు తిరిగారు. "మీ నోట్లోంచి ఒక మాట రావడానికి విషం చల్లాలాండీ?"

నేను మెతకవాణ్ణి కాదని, పిరికివాణ్ణని ఆవిడకు ఇప్పుడు తెలుసు. బుల్లిరాజు గారికి తెలుసు. పుట్టబోయే బిడ్డ తల్లి నోటి దాకా నేను ఏం తెచ్చానో రేపటికి వీధికీ తెలుస్తుంది. శనివారం షామియానా కింద నన్ను ఓదార్చడానికి వచ్చే వాళ్ళకూ తెలుస్తుంది. తెలియాలి కూడా.

బుల్లిరాజు గారు తిరిగి వచ్చారు. చేతిలో ఇడ్లీ పొట్లాలున్నాయి. ఒకటి ఆవిడకిచ్చి, ఒకటి తను ఉంచుకుని, మూడోది నా ఒళ్ళో పెట్టారు. నాకు కూడా తెస్తారని నేను అనుకోలేదు. విప్పలేకపోయాను. అరిటాకు వేడి పంచె దాటి తొడకు తగులుతోంది.

శేషారత్నం గారు తన పొట్లం విప్పి, చట్నీ నంజుకుని, ఓరగా నా వైపు చూశారు.

"తినండి మాస్టారూ. మేమేం కలపలేదులెండి."

బుల్లిరాజు గారు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ చూస్తుండగానే నేను పొట్లం విప్పాను. తల ఎత్తకుండా, ఒక్కొక్క ముక్కా మింగుతూ, చివరి దాకా తిన్నాను.