ఏడు తరాల గోడ

గురజాల పాతూరు సందులు తిప్పి చూపించాలని ధనుంజయరావు కబురు పెట్టగానే, ముర్తుజా సైకిల్ షాపు మూసేసి పరిగెత్తాడు. రిపేరు పని సగమే వచ్చినా మాటల పని నిండుగా వచ్చిన మనిషి.

"గుంటూరు నుంచి ఆఫీసరొచ్చాడ్రా. ఏ పాత కట్టడం ఉంచాలో చూసిపోతాడంట," అన్నాడు ఊరిపెద్ద ధనుంజయరావు. "ఆయన సంతోషంగా పోతే మీ సందుకి పట్టాలడుగుతా."

పట్టా! తండ్రి పోయినప్పటి నుంచీ ముర్తుజా కళ్ళు కాయలు కాచింది దానికోసమే.

కూలిన కోట బురుజు దగ్గర ముర్తుజా పల్నాటి వీరుల కోడిపోరు కథ అందుకున్నాడు. పల్నాట్లో పుట్టినవాడికి ఇదో జబ్బు. గొడ్డు పడుకున్న చోటైనా సరే, వీరుల కాలానికి ముడిపెట్టకపోతే తిన్నది అరగదు. మా తాత కత్తి పట్టాడని చెప్పని గడప లేదు. ఆ లెక్కన యుద్ధం చేసినవాళ్ళే గానీ చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ధనుంజయరావు గొడ్ల కొట్టం దగ్గర ఆఫీసరు ఆగాడు. గోడ నిండా చెక్కిన రాళ్ళు.

"ఇదాండీ? నిరుడు కట్టించా. మాచర్ల నుంచి లారీలో తోలించిన రాయి," అన్నాడు ధనుంజయరావు తొణక్కుండా.

కోట రాయి కొట్టంలోకి ఎట్లా వచ్చిందో ఊరందరికీ తెలుసు. ముర్తుజా నవ్వు ఆపుకుని నడిచాడు. ఆ అబద్ధం ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

సందు చివర ముర్తుజా ఇల్లు. గడప దాకా వచ్చినవాళ్ళు దాహంతో పోకూడదని అతని భార్య అబిదా నిమ్మకాయ నీళ్ళు తెచ్చింది. ఆఫీసరు గోడ నిమిరి చూశాడు.

"ఎప్పటిదయ్యా ఇది?"

"నిన్నా మొన్నటిది కాదు సార్. ఏడు తరాల గోడ. వీరులు దీనికి కత్తులు ఆనించి అన్నం తిన్నారు."

అబిదా కళ్ళెర్రజేసింది. ధనుంజయరావు మీసాల కింద నవ్వాడే గానీ నోరు మెదపలేదు.

"అయితే దీన్ని కాపాడాల్సిందే," అన్నాడు ఆఫీసరు. "ఇందులో కాపురాలుండటానికి వీల్లేదు. ఖాళీ చేయించాలి."

ముర్తుజా ఆఫీసరుకు అడ్డంపడ్డాడు. "ఉత్తినే అన్నా సార్! మా నాయన కట్టాడు, నేను పుట్టిన ఏడాది!"

"మరి మీ నాయన ఇంత రాయి ఎక్కడ తెచ్చాడు?"

ముర్తుజా లోపలే లెక్కేసుకున్నాడు. కోటలోదంటే దొంగతనం. లారీలో తోలించాడందామా అంటే, ఆ మాట అనడానికి లారీ పిలిపించగల మొహం కావాలి.

ఆఫీసరు భుజం తట్టాడు. "భయపడి అబద్ధమాడకు. మొదట చెప్పిందే నిజం."

జీపు కదిలాక అబిదా గ్లాసులు ఏరుకుంటూ అంది: "ఏమయ్యా, మా మామ బండిలో తోలుకొచ్చిన రాళ్ళకి ఏడు తరాలా?"

"పాత ఇల్లంటే గౌరవమనుకున్నానే."

"ఆ గౌరవమే కప్పుకుని పడుకుందాం పా."

ముర్తుజా ధనుంజయరావు అరుగు దగ్గరికి పోయాడు. "నాది కొత్త ఇల్లని నువ్వన్నా ఒక మాట అనకపోతివే బాబాయ్!"

"నా కొట్టం ముందు నువ్వు నోరు మూసుకున్నావు, నీ ఇంటి ముందు నేను మూసుకున్నా. చెల్లుకు చెల్లు. పోరా, చానా పనుంది."

ఎండాకాలానికి ఉత్తర్వు వచ్చింది. రాయి సర్కారుది, వాసాలూ రేకులూ మాత్రం తీసుకుపోవచ్చు. ఊరికి దూరంగా, ముళ్ళకంపల మధ్య కాస్త చోటు చూపించారు. అబిదా వంటసామాను బండికెత్తింది. ముర్తుజా పైకెక్కి వాసాలు ఊడదీస్తున్నాడు. కింద ధనుంజయరావు గొడుగేసుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్, నిదానంరా! రాయి కదిలిద్ది, చానా పాతది."

ముర్తుజా నిదానంగానే ఊడదీశాడు.