వేలికి తెలిసే మొగ్గలు

ఆగస్టు దాటితే సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు హాప్సలు నుంచి వేసవి జనం వెళ్ళిపోతారు. ఈసారి వాళ్ళతోపాటు నా ఆన్‌లైన్ కొట్టు గిరాకీ కూడా మూటాముల్లె సర్దుకుంది. లేసు శాలువాలు అల్లి అమ్ముకోవడమే నా బతుకు. పైన యజమాని లేడు, కింద పనివాడు లేడు, తప్పు చేస్తే ఆపేవాళ్ళూ లేరు. అందుకే వరసపెట్టి చేసుకుంటూ పోయాను.

మొదట ధర సగానికి కోశాను. తరువాత నా జాబితాలో ఉన్న ప్రతివాళ్ళకూ రోజుకో ఉత్తరం పంపాను, 'ఈ వారమే, ఈరోజే' అంటూ. ఎవరైనా ఏదైనా అడిగితే పూర్తిగా చదివే ఓపిక లేక, అదే ఉత్తరాన్ని మళ్ళీ అతికించి పంపాను. సగం ధరకు పూర్తి పని గిట్టదని తెలిసొచ్చాక మొగ్గలు మానేశాను.

మొగ్గ అంటే గోధుమగింజంత ముడి. ఒక్క కుట్టులోంచి ఏడు తీసి, మరుసటి వరసలో ఆ ఏడింటినీ కలిపి బిగించాలి. ఒక్కో శాలువాకు వేలల్లో పడతాయి. సంతలో దొరికే మెషీను లేసుకూ మా లేసుకూ తేడా ఆ గింజే, మా వేళ్ళు నొప్పెట్టేదీ ఆ గింజతోనే. ఫోటోలో అంత చిన్నది ఎవడికి కనబడుతుందిలే అనుకున్నాను.

సెప్టెంబరు మొత్తానికి ఒకే ఒక్క ఆర్డరు వచ్చింది. సముద్రం అవతల విస్బీలో ఉండే గున్‌వోర్ అనే పెద్దావిడ. సగం ధర చాలని రాసినా వినకుండా పూర్తి ధరే ఇస్తానంది. అయినా త్వరగా పంపేయాలని ఆమెదీ మొగ్గల్లేకుండానే అల్లాను. ఇది కూడా చేజారితే కొట్టు మూసేసి, బురద స్నానాల హోటల్లో తువ్వాళ్ళు మడతపెట్టే పనికి పోవాలి. సోమవారం వచ్చి కనబడమని వాళ్ళు అప్పుడే చెప్పారు. నాకు తొమ్మిదో ఏట చేతికి సూదులొచ్చాయి. ముప్ఫై ఏళ్ళ తరువాత వాటిని పక్కన పెట్టాల్సి వచ్చేలా ఉంది.

అల్లడం పూర్తయ్యాక శాలువాను తడిపి చట్రానికి సాగదీయాలి. మనిషంత చట్రం నా గదిలో పట్టదు. అది సాల్మె అత్త ఇంట్లో ఉంది. ఎనభై మూడేళ్ళ మనిషి, నాకు అల్లిక నేర్పింది ఆమే. శనివారం పొద్దున్నే తడి ముద్దను గిన్నెలో పెట్టుకుని వెళ్ళాను.

ఇద్దరం చెరోవైపు నిలబడి అంచును మేకులకు తగిలించుకుంటూ వచ్చాం. ఎన్నిసార్లు చూసినా ఈ పని దగ్గర నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పిడికిట్లో ఇమిడే ముద్ద, ఆకారం లేనిది, మేకు మేకుకూ విచ్చుకుంటూ పోయి కిటికీ ముందు గోడంతై నిలబడుతుంది. దారం కనబడదు, గాలిలో గీసిన గీతలే కనబడతాయి. నా చేతుల్లోంచే వచ్చిందా ఇది అని ప్రతిసారీ నోరు తెరుచుకుని చూస్తాను.

ఆరోజూ అలాగే విచ్చుకుంది. మే నెలలో మా అడవుల్లో పూసే గంటపూల కొమ్మల నమూనా అది. ఆకులు విచ్చుకున్నాయి, కొమ్మలు వంగాయి. పూలుగా కనబడాల్సిన మొగ్గలు లేక కొమ్మల చివర్లు మాత్రం బోసిగా ఉన్నాయి.

సాల్మె అత్త అద్దాలు పైకి తోసుకుంది. "ఆకులు బాగా వచ్చాయే, ఐలీ. పూలెప్పుడు పూస్తాయి?"

ఒళ్ళు మండింది. అమ్మకాలు లేక నేను ఛస్తుంటే నీకు పూలు కావలసి వచ్చాయా, సముద్రం అవతల ఎవరు లెక్కపెడతారు అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె ఏమీ నొచ్చుకోలేదు. అమ్మకాలు లేవని తనకూ తెలుసునంది, నా తగ్గింపు ఉత్తరం తనకే మూడుసార్లు వచ్చిందట.

"పంపుతానంటే పంపు. పెట్టె నేనే కడతాను. పూలు లేవన్న ముక్క మాత్రం ఆవిడకి ముందే చెప్పు," అంది.

అక్కడే మెట్ల మీద కూర్చుని రెండు వాక్యాలు రాసి పంపాను. ఉన్న ఒక్క ఆర్డరునూ నా చేత్తో నేనే పోగొట్టుకున్నానని సాల్మె అత్త మీద పళ్ళు నూరుకున్నాను. కాఫీ పొంగేలోపే ఫోను మోగింది.

గున్‌వోర్ గొంతు నిదానంగా ఉంది. ఉత్తరాన్ని తన ఫోను ఇప్పుడే పైకి చదివి వినిపించిందని చెప్పింది. "మొగ్గలు గట్టిగా ఉంటాయా, వేలికి తగులుతాయా అని ఆగస్టులో అడిగానమ్మా. నువ్వు తగ్గింపు ధర గురించి రాశావు."

ఆ ఉత్తరం పూర్తిగా చదవలేదని ఒప్పుకున్నాను.

"ఏడేళ్ళయింది నాకు చూపు పోయి. మా అమ్మ శాలువా మీ ఊరిదే. చిరిగి పోగులయ్యేదాకా తడుముతూ కూర్చున్నాను. ఒక్కో కొమ్మకి ఎన్ని పూలో నా వేలికి తెలుసు. చలికి కప్పుకోడానికైతే ఇంట్లో దుప్పట్లు ఉన్నాయి."

మళ్ళీ మొదటినుంచి అల్లితే క్రిస్మస్ దాకా పడుతుందని గొణిగాను. ఆగుతానంది.

ఫోను పెట్టేశాక విన్నదంతా చెప్పాను. సాల్మె అత్త బీరువాలోంచి తన పెళ్ళినాటి శాలువా తీసి నా ఒళ్ళో వేసి, కళ్ళు మూసుకోమంది.

మూసుకున్నాను. చూపుడువేలు ఒక మొగ్గ దగ్గర ఆగింది, తరువాత ఇంకోటి. కొమ్మ ఎటు వంగిందో వేలికి తెలిసింది, ఎక్కడ ఆకు మొదలైందో తెలిసింది. అరవై ఏళ్ళ కిందటి పెళ్ళికూతురు బిగించిన ఏడేసి కుట్లు, ఒక్కటీ సడలకుండా, వేలికింద వరసగా వస్తున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా వీటిని అల్లుతున్నదాన్ని, ఏనాడూ ఇలా తాకి చూసుకోలేదు. కన్నీళ్ళు ఆగలేదు. ఇంత అద్భుతం నా చేతిలో పెట్టుకుని, ఫోటోలో కనబడదని కోసి పారేశాను.

కళ్ళు తెరవకుండానే లేచి చట్రం దగ్గరకు వెళ్ళి నా శాలువా మీద చెయ్యి వేశాను. ఇటు చివరినుంచి అటు చివరిదాకా చెయ్యి జారుకుంటూ పోయింది. దేనికీ తగల్లేదు.

సోమవారం హోటలుకు వెళ్ళి పొద్దుటిపూట మాత్రమే వస్తానని చెప్పాను, ఒప్పుకున్నారు. మధ్యాహ్నం సాల్మె అత్త ఇంట్లో ఆరిన శాలువాను చట్రం మీంచి దించి, కొస వెతికి లాగాను. అది వరస వరసగా ఊడిపోతుంటే ఆమె ఉండ చుట్టింది.

కొత్తదానిలో మొదటి మొగ్గను కళ్ళు మూసుకునే అల్లాను. రెండుసార్లు ఊడింది. మూడోసారి వేలికి తగిలింది.