అమ్మ కూర్చున్న షాట్

నాకు మౌనం పడదు. నాది సెలూన్. కత్తెర ఎంత ఆడితే నోరూ అంత ఆడాలి, లేకపోతే కుర్చీలో కూర్చున్నవాడికి తన తల ఎవరి చేతుల్లో ఉందోనని బెంగ పట్టుకుంటుంది. అలాంటి నా కడుపున మాటల్లేని సినిమాలంటే ప్రాణం పెట్టే కూతురు పుట్టింది.

ఆ సినిమాలు మీరెప్పుడైనా చూశారో లేదో. ఒకాయన అంతరిక్షంలోకి పోతాడు. పోయి యుద్ధం చేస్తాడా అంటే చెయ్యడు. కిటికీలోంచి చూస్తూ నిలబడతాడు. మనం ఆయన మెడ వెనక భాగం చూస్తూ ఉండాలి. ఆ మెడ మీద జుట్టయినా సరిగ్గా కత్తిరించి ఉండదు.

"ఆయన లేచి తలుపు దాకా వెళ్ళేలోపు నేను ఇద్దరికి గడ్డం గీసేస్తానే. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు," అనేవాణ్ణి.

"నిదానమే ప్రధానం అన్నదీ ఆ పెద్దలే నాన్నా," అనేది మా అమ్మాయి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

నేను సోఫాలోనే గుర్రు పెట్టేవాణ్ణి. మా ఆవిడ మాత్రం చివరిదాకా చూసేది. ఆమె బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు మడతపెట్టేది. అక్కడ బెల్టు మీద చొక్కాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, ముక్కు చీదుకుందామన్నా తీరిక ఉండదు. అంత చాకిరీ చేసి వచ్చి ఈ నత్తనడక సినిమాలేమిటే, ఏం కనిపిస్తోంది నీకు అందులో అని ఒకసారి అడిగాను.

"ఇందులో ఎవరూ తొందరపెట్టరండీ," అంది. "ఆయన నీళ్ళు తాగుతుంటే, తాగి గ్లాసు కింద పెట్టేదాకా చూడనిస్తారు. మనల్నెవరైనా అంతసేపు చూశారా చెప్పండి?"

నేను నవ్వేసి అటు తిరిగి పడుకున్నాను.

చదువైపోయాక మా అమ్మాయి తనే ఒక సినిమా తీస్తానంది. కథ చెప్పమన్నాను. భూమికి చాలా దూరంలో ఒక స్టేషన్ ఉంటుందట. అందులో ఒకే ఒక్క మనిషి, ఒక ఆడమనిషి. భూమి నుంచి మాట వస్తే విని జవాబు చెప్పడం ఆమె ఉద్యోగం. మాట రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఆమె మాత్రం రోజూ వచ్చి రేడియో ముందు కూర్చుంటుంది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత కూడా కూర్చుంటుంది."

ఆ కూర్చునే మనిషి మా ఆవిడే. అంతసేపు కుదురుగా కూర్చోగలిగిన మనిషి తనకి ఇంకెవరూ తెలియదంది అమ్మాయి. మూతపడిన ఒక కోల్డ్ స్టోరేజీని స్టేషన్‌గా మార్చారు. ఆమె జుట్టు నేనే పొట్టిగా కత్తిరించాను. బూడిదరంగు ప్యాంటూ చొక్కా వేసుకుని సెలూన్ అద్దంలో చూసుకుని, "మెకానిక్‌లా ఉన్నానా?" అని పగలబడి నవ్వింది. అవి వానాకాలం రోజులు. ఎండలు ముదిరేసరికి డాక్టరు మాకు జబ్బు పేరు చెప్పాడు. మళ్ళీ వానలు పడేనాటికి ఆమె లేదు.

సినిమా మిగిలింది. అమ్మాయి గది తలుపేసుకుని నెలల తరబడి దానితోనే ఉండిపోయింది. అన్నం తిన్నావా అంటే ఊ, తినలేదా అన్నా ఊ. ఇలాంటి సినిమాలే వేసే చిన్న హాలు ఒకటుంది. ఆ హాలాయన చూసి బాగుందన్నాడట. కానీ మధ్యలో రేడియో ముందు ఊరికే కూర్చునే షాట్ పదకొండు నిమిషాలుందని, దాన్ని ఒక నిమిషానికి కోస్తేనే వేస్తానని అన్నాడట. మర్నాడు జవాబు చెప్పాలి.

"నువ్వు చూసి చెప్పు నాన్నా. కొయ్యమంటే కోసేస్తాను," అంది. "చూసీ చూసీ నాకు బుర్ర పనిచెయ్యడం లేదు."

సెలూన్‌కి సెలవు రోజు. మధ్యాహ్నం దాని గదిలో కిటికీకి దుప్పటి కట్టి, నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. కొయ్యమనే చెబుదామని ముందే తేల్చుకుని వెళ్ళాను. హాలాయన వేస్తే పిల్ల మళ్ళీ మనుషుల్లో పడుతుంది. పైగా, పోయిన మనిషిని పదకొండు నిమిషాలు చూసే ఓపిక నాకు లేదు.

తెర మీద ఇనుప బల్ల, రేడియో, చెమ్మ పట్టిన గోడ. బల్ల ముందు మా ఆవిడ. అంతే. మొదట కాలుకాలిన పిల్లిలా మంచం మీద అటూ ఇటూ కదిలాను. దగ్గాను. గోడ గడియారం చూశాను. చూడ్డానికి ఇంకేమీ దొరక్కపోయేసరికి ఆమెనే చూశాను.

చెవి వెనక జుట్టు నేను కాస్త ఎగుడుదిగుడుగా వదిలేశాను. వినేటప్పుడు ఆమె తల కాకుండా ముందు కళ్ళు పక్కకి తిప్పుతుంది. ఆ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళూ మాట్లాడింది నేను, విన్నది ఆమె. వినే మనిషి ఎలా ఉంటుందో చూసే తీరిక నాకెక్కడిది? నాకు సిగ్గేసింది. అంతలోనే సంతోషమూ వేసింది. కాసేపు ఆమె నా ఎదురుగానే ఉన్నట్టనిపించింది. ఈ షాట్ ఎందుకు ఇంత పొడుగుందో అప్పుడు కొంచెం తెలిసొచ్చింది.

అప్పుడే బల్ల మీదున్న కుడిచెయ్యి మెల్లగా ముడుచుకుంది. బొటనవేలు గుప్పిట్లోకి పోయింది. వేళ్ళు దాని మీద బిగుసుకున్నాయి.

ఆసుపత్రిలో నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె అలాగే పట్టుకునేది. నర్సు అడిగినా బానే ఉందనేది కానీ, ఆ గుప్పిట చూస్తే నాకు తెలిసిపోయేది. ఇక్కడా ముఖంలో ఏమీ లేదు. జబ్బు పేరు మేం వినడానికి ఎంతో ముందే, ఆ చల్లటి గదిలో, కూతురి సినిమా కోసం పంటి బిగువున కూర్చుంది. గుప్పిట విడింది. మళ్ళీ బిగిసింది.

షాట్ అయిపోయింది. అమ్మాయి నా వైపు తిరిగింది. దానికి తెలియదు, తెలియకూడదు అనుకున్నాను. ఇది హాల్లో పడితే ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు ఆ గుప్పిట ఏమిటని అడుగుతారు. పిల్ల తట్టుకోలేదు.

"కోసెయ్యమ్మా," అన్నాను. "బోరు కొడుతోంది."

"ఎక్కడ కొట్టింది నాన్నా?"

"ఎక్కడేమిటి, అంతానూ."

"బొటనవేలి దగ్గరా?"

నేను దాని ముఖంలోకి చూశాను. అది తల దించుకుని, వైరు ముడి విప్పుతూ చెప్పింది.

"ఆసుపత్రిలో అమ్మ చెయ్యి చూసి ఇంటికొచ్చి ఇది పెట్టుకుంటే, అప్పుడు కనబడింది. షూటింగ్ రోజు నేను కెమెరా వెనకే ఉన్నాను నాన్నా. ఆ చెయ్యి చూసి, అబ్బ, ఎంత బాగా చేస్తోందో అనుకున్నాను. మెచ్చుకున్నాను. తర్వాత ఇంకా ఉంది. అది సినిమాలో పెట్టలేదు. చూస్తావా?"

చూడనని చెప్పేలోపే పెట్టేసింది.

అదే బల్ల, అదే గోడ. మా ఆవిడ కళ్ళు ముందు పక్కకి తిరిగాయి, తర్వాత తల తిరిగింది. సూటిగా మా ఇద్దరి వైపే చూసింది.

"అయిందా తల్లీ? లేవనా?"

కెమెరా వెనక నుంచి మా అమ్మాయి గొంతు. ఆ ఉత్సాహం ఈ ఇంట్లో విని ఏడాది దాటింది. "ఇంకొంచెంసేపమ్మా! చాలా బాగుంది. కదలకు, ఇంకొంచెం."

"సరే," అంది మా ఆవిడ. మళ్ళీ రేడియో వైపు తిరిగి కూర్చుంది.

అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దగ్గరికి తీసుకున్నాను. నీ తప్పేం లేదని చెప్పాలి, కానీ అది వింటుందన్న నమ్మకం నాకు లేదు. నొప్పిగా ఉందంటే పిల్ల లేవనిచ్చేది కదా అని నేనూ ఏడ్చాను. ఆ మహాతల్లి లేవనా అని మాత్రం అడిగింది, ఎప్పటిలాగే సరే అని కూర్చుంది.

"ఒక్క ముక్క కొయ్యకు," అన్నాను చివరికి. "ఈ మాటలు కూడా సినిమాలో పెట్టు."

"నా గొంతు వినబడుతుంది నాన్నా."

"వినబడనీ. ఆవిడ అడిగిందని కూడా వినబడాలి."

"హాలాయన వెయ్యడు."

"వెయ్యకపోతే మానె. మనిద్దరం చూద్దాం."

అది కళ్ళు తుడుచుకుని ఆపెయ్యడానికి చెయ్యి చాచింది. తెర మీద మా ఆవిడ ఇంకా అలాగే ఉంది, గుప్పిట బిగించుకుని.

"ఆపకమ్మా," అన్నాను. "తనంతట తను లేచేదాకా ఉండనీ."