అభ్యంతరం ఎవరికి?

బాన్సువాడలో నిర్మలకు ఆఫీసు ఉద్యోగం దొరికి రెండు నెలలైంది గానీ, ఉండటానికి గది మాత్రం దొరకలేదు. పెద్ద కొడప్‌గల్ అవతలి తండా నుంచి రోజూ షేర్ ఆటోల్లో వచ్చిపోతుంటే ఒళ్లు హూనమైపోతోంది. ఇప్పటికి నాలుగిళ్లు చూసింది. నాలుగు చోట్లా ముందు గది చూపించారు, తర్వాత ఇంటిపేరు అడిగారు. 'రాథోడ్' అనగానే ఆ గది అంతకుముందే ఎవరికో మాటిచ్చేసినట్టు వాళ్లకు గుర్తొచ్చింది.

ఐదో ఇల్లు సాయవ్వది. మేడమీద గది. ఆమె చుట్టూ తిప్పకుండా నేరుగానే అడిగేసింది.

"మీరేమోల్లు బిడ్డా?"

"లంబాడోల్లం అవ్వా."

సాయవ్వ మొహం చిన్నబోయింది. "నాకైతే ఏం పట్టింపు లేదు బిడ్డా. గా పక్కింటి విఠల్ సారే ఊకోడు."

నిర్మలకు ఏడుపు రావాల్సింది. ఎందుకో నవ్వొచ్చింది. "అయితే సారునే అడిగొస్త అవ్వా" అని బయటికి నడిచింది.

రిటైరైన టీచరు విఠల్ సారు విషయం విని నొచ్చుకున్నాడు. "ఎంతమాట! ముప్పై ఏండ్లు పిల్లలకు అందరం సమానమని చెప్పినోన్ని. నాకేం అభ్యంతరం? గా ఎదురింటి భాగ్యశ్రీకే గివన్నీ ఎక్కువ."

"గా మాటే జర రాసియ్యుండ్రి సార్" అంటూ నిర్మల బ్యాగులోంచి నోట్‌బుక్కు తీసింది. సారు పెన్ను కోసం జేబులన్నీ తడుముకుని, 'నాకు అభ్యంతరం లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

భాగ్యశ్రీ బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె సారు రాసింది చూసి గయ్యిమంది. "నాకు ఎక్కువనా? ఆఫీసుల అందరం ఒక్కతాననే కూసొని తింటం. గా సాయవ్వకే మడి, ఆచారం!" సారు సంతకం కింద తన సంతకం బరికేసింది.

నిర్మల తిరిగొచ్చి, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది.

"నాకు మడా?" సాయవ్వ నడుముకు చేతులు పెట్టుకుంది. "గట్లన్నదా గా భాగ్యశ్రీ? ఇగో తాళంచెవి. రేపే దిగు! ఎవలేమంటరో నేనూ చూస్త."

మర్నాడు నిర్మల సామాను దించుకుంది. కిటికీ దగ్గర నిలబడి వీధి వంక చూసింది. ముగ్గురిలో ఎవరికీ అభ్యంతరం లేదట. మరి రెండు నెలలుగా తనను ఆటోల్లో తిప్పింది ఎవరో!

సాయంత్రం సాయవ్వ మెల్లగా మెట్లెక్కి వచ్చింది. అటూ ఇటూ చూసి గడప దాటింది. నిర్మల చాయ్ గ్లాసు అందిస్తే తీసుకుంది.

"జర తలుపు దగ్గరికెయ్యి బిడ్డా, గాలొస్తుంది."

బయట ఆకు కూడా కదలడం లేదు. నిర్మల తలుపును ఇంకాస్త బార్లా తెరిచింది. పక్క డాబా మీద విఠల్ సారు ఇటే చూస్తూ దొరికిపోయాడు.

"సార్! మీరు గూడ రాండ్రి చాయ్ తాగుదురు!"

"నాకు షుగరుంది బిడ్డా!"

"ఫికర్ లేదు సార్, చక్కెర లేకుండ పెడ్త!"

సారు చేసేదేమీ లేక చెప్పులు వెతుక్కున్నాడు.