వంతెన దగ్గర ముసలాయన

“ఆగు బిడ్డా! నదిని దాటేవాడు ముందు తనను తాను దాటాలి…”

ముసలాయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఏ మీట నొక్కినా ఆట ఉలకదు, పలకదు. గడ్డం నిమురుకుంటాడు, నదివైపు చూసి నిట్టూరుస్తాడు, తన కుర్రతనం గురించి చెబుతాడు, మధ్యలో ఒకసారి దగ్గుతాడు కూడా. ఆ దగ్గు వచ్చిందంటే ఉపన్యాసం సగమైందని గుర్తు. అంతా అయ్యాక కర్ర పక్కకి తీసి వంతెన మీదికి దారి ఇస్తాడు. అవతల రాతి రాక్షసుడు ఉంటాడు. వాడి దెబ్బ ఒక్కటి తగిలితే చాలు, చావే. చచ్చినవాడు లేచేది ఎక్కడ? వంతెనకి ఇవతల, ముసలాయన కాళ్ళ దగ్గర.

“ఆగు బిడ్డా!”

రాక్షసుడి మీద ఆమెకు కోపం లేదు. వాడు న్యాయస్థుడు. చెయ్యెత్తే ముందు భుజం కదిలిస్తాడు, చూసుకోకపోతే తప్పు మనదే. చంపిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్పుతాడు. ఈసారి ఎడమకి దూకాలి అని చేతుల్లో ఒక ఆలోచన వెచ్చగా పుడుతుంది. ఆ వేడి చల్లారకముందే మళ్ళీ వాడి ముందు నిలబడాలి. అప్పుడే ముసలాయన అడ్డొస్తాడు. ఆయన ముగించేసరికి చేతులు నేర్చుకున్నది మరిచిపోతాయి. మిగిలేది మంట ఒక్కటే.

ఆటలు తయారుచేసే ఆ ఆఫీసులో ఆమె పని అదే. జనం ఆడబోయే కాపీని జనం ఆడినట్టే ఆడి తప్పులు పట్టాలి. చివరికి ఆమె ‘వెళ్ళొచ్చు’ అంటేనే ఆట బయటికి వెళ్తుంది. ఉన్నమాట మొహం మీదే అనేస్తుంది కనక చాటుగా ఆమెను పుల్లవిరుపు అంటారు. ముద్దొస్తే పుల్లమ్మా అంటారు. ఈ వారాంతానికి వంతెన ఆట వెళ్ళాలి. తప్పులన్నీ సర్దారు, ఒక్కటి తప్ప. ముసలాయన నోరు మూయించే మీట ఒకటి పెట్టమని ఆమె అంటోంది. పెట్టనని పెద్దాయన అంటున్నాడు.

పెద్దాయన అంటే ఆట రూపకర్త. వయసు అంతేం లేదు, గడ్డమే తొందరపడి నెరిసింది. వంతెన కథ ఆయన ఊహే. ముసలాయన మాటలు ఆయన రాసినవే, గొంతు కూడా ఆయనదే. దగ్గు మాత్రం రాసింది కాదు. రికార్డింగులో నిజంగా వస్తే, సహజంగా ఉందని ఉంచేసుకున్నాడు.

“మళ్ళీ అదేనా అమ్మాయ్?” అన్నాడు పొద్దున మీటింగులో. “ఇది చూడు.”

గోడ మీది తెరపై ఒక బొమ్మ వేశాడు. ప్రయోగానికని కొందరు బయటివాళ్ళకి ఆట ఇచ్చారు. వాళ్ళు ఎక్కడ ఎంతసేపు ఉన్నారో చూపించే గీత అది. వంతెన దగ్గర కొండలా లేచింది.

“ఆట మొత్తంలో జనం ఎక్కువసేపు ఉన్నది ఇక్కడే. నచ్చకపోతే ఉంటారా?”

“లిఫ్టులో ఇరుక్కున్నవాడు కూడా లిఫ్టులోనే ఉంటాడు సార్.”

ఎవరో కిసుక్కున నవ్వి, సర్దుకున్నారు.

“అది వేరు, ఇది వేరు.”

“ఏం వేరు? వాళ్ళు లోపల తలుపు బాదుతున్నారు. మీ గీతలో ఆ చప్పుడు రాదు, అంతే.”

“కథ వినే ఓపిక లేనివాడికి మన ఆట ఎందుకు? వీధిలోకి పోయి బంతాట ఆడుకోమను.”

పెద్దాయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మీటింగు అయిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో, భోజనాల దగ్గర, ఆమె మోచెయ్యి తగిలి నీళ్ళగ్లాసు ఒలికింది. నాన్న కుర్చీ వెనక్కి జరిపి గొంతు సవరించుకున్నాడు.

“అందుకే అంటాను, చేసే పని మీద ధ్యాస ఉండాలని. నేను నీ వయసులో ఉన్నప్పుడు…”

నాన్న చెడ్డవాడు కాదు. ఏనాడూ చెయ్యెత్తలేదు. తప్పు జరిగినప్పుడల్లా ఒకే కథ చెబుతాడు. మొదటి ఉద్యోగంలో గోదాముకి తాళం వెయ్యడం మరిచిపోయి, వానలో వెనక్కి నడిచి వెళ్ళిన కథ. లెక్కల్లో తప్పినా అదే, సైకిలు మీంచి పడినా అదే. మోకాలి నెత్తురు మేజోడులోకి కారుతుంటే నిలబడి విన్నది ఆమెకు గుర్తు. మధ్యలో కదిలితే మళ్ళీ మొదటికి వెళ్ళేవాడు. అమ్మ మాత్రం ‘నీ వయసులో’ అన్నమాట చెవినపడగానే లేచి వంటింట్లోకి వెళ్ళేది. ఇవాళా వెళ్ళింది. అమ్మకి ఎప్పుడూ ఏదో పని.

నీళ్ళు బల్ల అంచుదాకా పాకి ఆమె ఒళ్ళోకి చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. తుడిచే గుడ్డ అందేంత దూరంలోనే ఉంది. ఆమె తన చేతులు చూసుకుంది. ఒళ్ళో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, బుద్ధిగా. ముసలాయన ముందు పెట్టుకున్నట్టే. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట నాన్న మీదో, పెద్దాయన మీదో, తడుస్తూ కూర్చున్న ఆ చేతుల మీదో తేల్చుకోలేకపోయింది.

మర్నాడు రాక్షసుడి గురించి ఏదో అడగడానికి ప్రోగ్రామరు బల్ల దగ్గరికి వెళ్ళింది. రాక్షసుణ్ణి తయారుచేసింది అతనే. ఆఫీసు మొత్తంలో ఆమె అన్నా అని పిలిచేది అతన్నొక్కణ్ణే. అతను వంతెన దగ్గరే ఆడుతున్నాడు. రాక్షసుడు కొడితే అతను చచ్చాడు, ముసలాయన నోరు తెరిచాడు. “ఆగు బి…” అనేలోగా ప్రోగ్రామరు చిటికెనవేలు పై వరసలో ఒక మీటని తాకింది. ముసలాయన మాయం.

“ఇదేంటన్నా?”

“ఏది?”

“ఇప్పుడు నొక్కావే, అది.”

“అదా, దాటేసే మీట. అందరి కాపీల్లోనూ ఉందిగా…” అని నాలిక కరుచుకున్నాడు. “నీదాంట్లో ఉండదులే. నువ్వు జనం కాపీ ఆడాలి కదా.”

“ఎప్పట్నించి ఉంది?”

“మొదట్నించీ. పెద్దాయనే పెట్టించాడు. రోజూ ఆ సోది వింటూ కూర్చుంటే పని ఎప్పుడవుతుందిరా అని.”

“సోది అన్నాడా?”

“తల్లీ, నేను చెప్పానని మాత్రం చెప్పకు. పిల్లలుగలవాణ్ణి.”

ఆమె నవ్వలేదు. అయితే ఇన్నాళ్ళూ ఇంతమంది కలిసి వండిన కూరని వండినవాళ్ళెవరూ నోట్లో పెట్టుకోలేదన్నమాట. తలుపు అందరికీ ఉంది. ఆమెకూ, బయటివాళ్ళకీ తప్ప.

మధ్యాహ్నం తన కంప్యూటరు తీసుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పెట్టింది.

“సార్, ఇది జనం కాపీ. మీరు ఆడి రాక్షసుణ్ణి పడగొట్టండి. వాడు పడిన క్షణం ‘వెళ్ళొచ్చు’ అనేస్తాను. మళ్ళీ మీట ఊసెత్తను.”

“మాట తప్పవుగా?”

“తప్పను.”

వార్త క్షణంలో పాకింది. తలుపు దగ్గర నలుగురు గుమిగూడారు. పెద్దాయన చొక్కా చేతులు మడుచుకున్నాడు. మొదటిసారి తన గొంతు తానే తల ఊపుతూ విన్నాడు, దగ్గు దగ్గర చుట్టూ చూశాడు కూడా. రాక్షసుడు కొట్టాడు. రెండోసారి చిరునవ్వుతో విన్నాడు. రాక్షసుడు మళ్ళీ కొట్టాడు. “ఆగు బిడ్డా!” అనగానే ఈసారి ఆయన చిటికెనవేలు పైకి లేచింది. ఆమె ఆ వేలినే చూస్తోంది. మనిషి ఒప్పుకోనిది వేలు ఒప్పుకుంటోంది. వేలు మీటని నొక్కింది. మళ్ళీ నొక్కింది. టకటకా నొక్కింది.

“ఈ మీట పనిచెయ్యట్లేదేంటి?”

“ఏ మీట సార్?”

తలుపు దగ్గరివాళ్ళు మొహామొహాలు చూసుకున్నారు. తెర మీద ముసలాయన మాత్రం ఆపలేదు. ఆయన తీరిగ్గా నదివైపు చూసి నిట్టూర్చాడు. పెద్దాయన మెడ ఎర్రబడింది. పంతానికి ఆడాడు, చచ్చాడు. ఇంకోసారి చచ్చాడు. తెర మీద తన దగ్గు వినపడగానే పళ్ళు కొరుకుతూ “త్వరగా ఏడువు” అన్నాడు. అన్నది తననేనని అర్థమై కీబోర్డు తోసేశాడు.

“సరే. రాక్షసుణ్ణి తేలిక చేద్దాం. ఒక్క దెబ్బకి పడిపోతాడు. ఎవడూ చావడు, రెండోసారి వినే బాధ ఉండదు.”

“సార్!” తలుపు దగ్గర్నుంచి ప్రోగ్రామరు. “వాడి భుజం అలా కదిలించడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది సార్!”

“మీ దగ్గు బతకడానికి వాణ్ణి చంపుతారా?” అంది ఆమె.

“అయితే మీట పెడతాను. ఉందని తెర మీద రాయను. కావలసినవాడు వెతుక్కుంటాడు.”

“ఉందని చెప్పని తలుపు గోడే సార్.”

పెద్దాయన వెనక్కి వాలాడు. గడ్డం నిమురుకున్నాడు. “చూడమ్మాయ్. నేను నీ వయసులో ఉన్నప్పుడు…”

“ఆపండి.”

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినపడింది. ఆమె చేతులు ఒళ్ళో లేవు, బల్ల మీద ఉన్నాయి. పెద్దాయన గడ్డం మీంచి చెయ్యి తీశాడు.

“అందరూ దాటేసి పోతే…” అన్నాడు. అది ముసలాయన గొంతు కాదు. “ఎవడూ వినకుండా పోతే, ఇదంతా ఎందుకు రాసినట్టు?”

జాలి గడప దాకా వచ్చింది. ఆమె లోపలికి రానివ్వలేదు.

“వినాలో వద్దో వాళ్ళు తేల్చుకుంటారు. తెర మీద రాస్తారా, మళ్ళీ ఆడతారా?”

ఆమె ఆట మళ్ళీ మొదటినుంచి పెట్టగానే కంప్యూటర్లోంచి “ఆగు బిడ్డా!” అని వినపడింది. పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. ప్రోగ్రామరు వైపు చూడకుండానే “రాసెయ్” అన్నాడు.

సాయంత్రానికి వంతెన కింద చిన్న అక్షరాల్లో, దాటేసే మీట ఏదో చెప్పే మాట వచ్చింది. ఆమె నొక్కి చూసింది, ముసలాయన తప్పుకున్నాడు. ‘వెళ్ళొచ్చు’ అని పంపేసింది. కానీ గెలిచినా మంట చల్లారలేదు. దాన్ని అలాగే ఇంటికి మోసుకెళ్ళింది.

“మందులు తెచ్చావా?” అన్నాడు నాన్న, అందరూ భోజనాలకి కూర్చున్నాక.

మరిచిపోయింది.

“అందుకే అంటాను. నేను నీ వయసులో…”

అమ్మ లేచింది. ఆమె కూడా లేచింది. “రేపు తెస్తాను నాన్నా” అని కంచం పట్టుకుని అమ్మ వెనకే నడిచింది.

వంటింట్లో పొయ్యి మీద ఏమీ లేదు. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. అమ్మ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తోంది. ఇక్కడ ఏ పనీ లేదు. ఎన్నడూ ఏ పనీ లేదు.

“నువ్వెందుకొచ్చావ్?” అంది అమ్మ కంగారుగా.

“నువ్వెందుకొచ్చావో అందుకే.” ఆమె కంచం గట్టు మీద పెట్టింది. “చిన్నప్పుడు నన్నెందుకు తీసుకురాలేదమ్మా? ఒక్కసారైనా?”

అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది.

“నువ్వు అంతసేపు కదలకుండా కూర్చునేదానివి కదే. నీకు నచ్చుతుందనుకున్నాను.”