బయటికి వచ్చెయ్

మా పెద్దాయన గట్టిగా అరిచిన రోజు నేను లెక్కచెయ్యను. మెల్లగా మాట్లాడిన రోజే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ పొద్దున నా కుర్చీ వెనక నిలబడి, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు చెప్పాడు.

"ఆ ఆస్పత్రుల కంపెనీలో మన వాటా తగ్గిద్దాం. కొంచెం కొంచెంగా అమ్ము. చప్పుడు కాకూడదు."

జనం దాచుకున్న డబ్బుని షేర్లలో పెట్టే పెద్ద ఫండు మాది. కొనమంటే కొనడం, అమ్మమంటే అమ్మడం నా ఉద్యోగం. ఎందుకని అడిగే అలవాటు నాకు లేదు. కానీ ఆ కంపెనీ ఆస్పత్రిలోనే మా అక్క మంచమెక్కి ఉంది. ఇంకాసేపట్లో ఆమె గుండెలో కొత్త వాల్వు పెడతారు. ఆ వాల్వు తయారుచేసేదీ వాళ్ళే.

అమ్మడం మొదలుపెట్టాను. తెర మీద అమ్మకాల తీరు చూస్తే మేమొక్కళ్ళమే కాదు, మాలాంటి పెద్ద ఫండ్లన్నీ పిల్లుల్లా జారుకుంటున్నాయి. కొనేది మాత్రం చిన్నాచితకా జనం, చవగ్గా దొరికిందని మురిసిపోతూ.

నా పక్క సీట్లో కంపెనీల లోగుట్టు ఆరా తీసే ఆవిడ ఉంటుంది. రాత్రిళ్ళు నిద్రపోదని గుడ్లగూబ అంటాం. అందరూ ఎందుకు అమ్ముతున్నారని వంగి అడిగాను.

"వాల్వులే," అంది తలెత్తకుండా. "ఈ కొత్తరకం పెట్టించుకున్నవాళ్ళలో కొందరికి లోపలే చిట్లిపోతున్నాయట. కంపెనీ నోరు మెదపడం లేదు. నువ్వూ మెదపకు, ఈ లోపలి కబురు పొక్కితే ఇద్దరం జైల్లో కూర్చుంటాం."

ఆస్పత్రిలో అక్క పక్కనే ఉన్న బావకి వెంటనే చెప్పాలి. సెల్‌ఫోన్లు గది బయటే వదిలి రావాలి. బల్ల మీది ఫోనులో ప్రతి మాటా రికార్డవుతుంది. పెద్దాయన నా వెనక నుంచి కదిలి చావడం లేదు. అయినా బావకి ఫోన్ కలిపాను.

మా బావకి ఆ కంపెనీ షేర్లు గుప్పెడున్నాయి. ఆ మాత్రానికే ఆస్పత్రి తన సొంతమైనట్టు లిఫ్టు అద్దం కూడా జేబురుమాలుతో తుడుస్తాడు.

"ఏం మరదలా! మన ఆస్పత్రిలో ఉంటే ఇంకా బెంగేంటి? మీ అక్క నవ్వుతూనే ఉంది."

"బావా, అడ్డు తగలకుండా విను. బయటికి వచ్చెయ్."

"ఏంటీ?"

"ఆ కంపెనీ వద్దు. ఇప్పుడే, మొత్తం బయటికి వచ్చెయ్. ఎందుకని అడక్కు."

బావ గొంతు తగ్గించి, "అర్థమైంది. నువ్వింక మాట్లాడకు," అని పెట్టేశాడు.

ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి ఒక్క మాటతో అందుకున్నాడే అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కని ఇంకో చోటికి తీసుకెళ్ళిపోతాడు. గుండె కుదుటపడి మళ్ళీ అమ్మకంలో పడ్డాను. ధర జారుతూనే ఉంది.

మార్కెట్ మూసేవేళకి బల్ల మీది ఫోను మోగింది.

"వచ్చేశావా బావా?"

"వచ్చేశా! ఒక్కటి కూడా మిగల్చలేదు, అన్నీ అమ్మేశా. నువ్వు చెప్పాక ఎలా పడిపోయిందో చూశావా? మరదలంటే నువ్వే తల్లీ!"

"షేర్లు కాదు బావా... అక్కేది? అక్కెక్కడ?"

"అక్కకేం, దివ్యంగా ఉంది. వాల్వు పెట్టేశారు. డాక్టరు ఇప్పుడే చెప్పి వెళ్ళాడు, చక్కగా కూర్చుందట." బావ నవ్వాడు. "ఇంక రమ్మన్నా బయటికి రాదట."