ఓక్ చెట్ల కింద సన్నగడ్డి

విస్కాన్సిన్ కొండల్లో తండ్రి వదిలిపోయిన అడవిని అక్కచెల్లెళ్లు తోరా, ఆర్డిస్ చెరిసగం పంచుకున్నారు. తోరా తన సగంలోకి ఆవులను తోలింది. ఆర్డిస్ కంచె వేసి ఊరుకుంది. కొన్నేళ్లకు ఆర్డిస్ వైపు ఓక్ చెట్ల నీడలో సన్నని గడ్డి దుబ్బులు నడుమెత్తున లేచాయి. కంకులు అచ్చం సీసాలు కడిగే బ్రష్షుల్లాగే ఉన్నాయి. కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే మిస్ కెల్లర్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని మరీ చూసింది. “ఈ చుట్టుపక్కల ఈ రకం గడ్డి ఆవులు మేసెయ్యకుండా ఇక్కడే మిగిలిందండీ” అంది. చర్చిలో కాఫీల దగ్గర వారం వారం అదే మాట.

తోరా కాఫీ కప్పు పక్కకు నెట్టేసింది. చిన్నప్పుడు నాన్న భుజమెక్కిందీ ఆర్డిసే. ఇప్పుడు గడ్డి కూడా దాని పక్షమేనా?

“ఏం చేశావే దానికి?”

“ఏం చెయ్యలేదక్కా. దాని మానాన దాన్ని వదిలేశా.”

ఆ జవాబు తోరాకు మరీ మంటెక్కించింది. ఆదివారం ఆర్డిస్ చర్చి వంటింట్లో ఉండగా పార పట్టుకుని కంచె దాటింది. అన్నిటికన్నా పుష్టిగా ఉన్న దుబ్బును వేళ్లతో సహా పెకలించి, గోనెసంచిలో చుట్టుకొచ్చి తన ఓక్‌ల కింద నాటింది. చుట్టూ ముళ్లతీగ బిగించింది. పసిబిడ్డకు పట్టినట్టు నీళ్లు పట్టింది.

తర్వాత ఆర్డిస్, అక్క దగ్గర తీసుకున్న గిన్నె తిరిగివ్వడానికి వచ్చి ముళ్లతీగ ముందు ఆగిపోయింది.

“అడిగితే ఇచ్చేదాన్ని కదక్కా.”

దొంగా అని ఉంటే తోరా నాలుగు ఎక్కువే అనేది. ఆ మెత్తని మాటకు ఒళ్లు భగ్గుమంది.

“నీ ముందు చెయ్యి చాచాలా నేను?”

“చెయ్యి చాచలేదులే. పారే వేశావు” అని ఆర్డిస్ గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

దుబ్బు బతికింది. గింజలు రాలి చుట్టూ మొలకలు లేచాయి. తోరా ఆ వాలు నుంచి ఆవులను పూర్తిగా తప్పించి, మిస్ కెల్లర్‌ను తనే పిలిపించింది. వెనకే ఆర్డిస్ కూడా వచ్చింది.

“ఎంత బాగుందండీ! ఎక్కడిది?”

తోరా నోరు తెరిచేలోపే ఆర్డిస్ అందుకుంది. “నేనిచ్చిందేనండీ. అక్క ముచ్చటపడితే.”

దొంగిలించానని చెప్పడానికి తోరాకు నోరు రాలేదు. ఇచ్చిందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

“కాఫీ తాగి వెళ్లండి” అని మిస్ కెల్లర్‌తో మాత్రమే అంది. పిలవకపోయినా ఆర్డిస్ వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుంది.